మందుల పెట్టెకు వేలిముద్ర తాళం



పోయిన టర్మ్‌లో ఒక రాత్రి తొమ్మిది దాటాక నా ఫోన్ మోగింది. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారు. “మేడమ్, మావాడు మీ ల్యాబ్‌లో నేర్చుకొచ్చి ఇంట్లో మందుల పెట్టెకు వేలిముద్ర తాళం బిగించాడు. బాగానే పనిచేస్తోంది. కానీ ఇప్పుడు మా అమ్మ వేలు పెడితే తెరుచుకోవడం లేదు. ఆవిడ బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. నా వేలు అందులో ఎక్కించలేదు. వాడూ వాళ్లమ్మా పెళ్లికని ఊరెళ్లారు. ఏం చెయ్యమంటారు?”

పెట్టె వెనక కీళ్లకున్న స్క్రూలు విప్పమని చెప్పాను. అయిదు నిమిషాల్లో మాత్రల డబ్బా బయటికొచ్చింది. ఆయన నవ్వేసి ఫోన్ పెట్టేశారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. తెరుచుకోవాల్సిన మనిషికి తెరుచుకోని తాళం, స్క్రూడ్రైవర్ ఉన్న ఎవరికైనా తెరుచుకుంది. ఆ పెట్టె పెట్టడానికి కారణం మంచిదే. ఇంట్లో మూడేళ్ల చెల్లెలు ఉంది, మాత్రలను చాక్లెట్లనుకుని నోట్లో పెట్టుకుంటోంది. పిల్లవాడు ఆలోచించింది సరైన సమస్య గురించే. నేను వాడికి తీగలు, ప్రోగ్రాం నేర్పాను గానీ, “ఇంట్లో నానమ్మ ఉందా? ఆవిడ వేలితో ఎన్నిసార్లు పరీక్షించావు?” అని అడగలేదు.

మా టింకరింగ్ ల్యాబ్‌లో పిల్లలు ఎక్కువగా అడిగే ప్రాజెక్టుల్లో వేలిముద్ర తాళం ఒకటి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు మొదలుపెట్టే ఉంటారు. దాన్ని ఎలా చేయాలో, చేసేటప్పుడు మీరు పక్కన కూర్చుని ఏం అడగాలో ఈ నెల రాస్తున్నాను. ఎలక్ట్రానిక్స్ తెలియకపోయినా ఫరవాలేదు. ముఖ్యమైన ప్రశ్నల్లో సగం ఎలక్ట్రానిక్స్‌కు సంబంధించినవి కావు.

ఏమేం కావాలి

ఒక ఆర్డుయినో ఊనో బోర్డు. ఒక వేలిముద్ర సెన్సార్ మాడ్యూల్. మా ల్యాబ్‌లో వాడేది ఆర్307. ఒక రిలే మాడ్యూల్. 12 వోల్టుల సోలినాయిడ్ తాళం, దానికి 12 వోల్టుల అడాప్టర్. రెండు రెసిస్టర్లు, ఒక డయోడ్, కొన్ని జంపర్ వైర్లు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. వీటన్నిటిలో ఖరీదైన వస్తువు సెన్సారే, కాబట్టి ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు. అయితే అలా పంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను.

గాజు కింద జరిగేది

ఇక్కడ కాసేపు ఆగమని మీ పిల్లలకు చెప్పండి. వైర్లు కలిపే తొందరలో చాలామంది దీన్ని దాటేస్తారు.

ఆర్307లో పైకి కనిపించే గాజుముక్క నిజానికి ఒక పట్టకం. కింద నుంచి లైటు పడుతుంది, లోపల చిన్న కెమెరా చూస్తుంటుంది. వేలి చర్మం మీద గట్లు, వాటి మధ్య గాళ్లు ఉంటాయి కదా. గాడి ఉన్నచోట గాజుకూ చర్మానికీ మధ్య గాలి ఉంటుంది కాబట్టి కాంతి మొత్తం వెనక్కి తిరిగి కెమెరాను చేరుతుంది. గట్టు గాజును తాకినచోట కాంతి అలా తిరిగి రాదు, అక్కడ నల్లగా కనిపిస్తుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివే సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిన విషయం తమ వేలి కిందే జరుగుతోందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

కెమెరా తీసేది 256 అడ్డం, 288 నిలువు చుక్కల బొమ్మ. గుణిస్తే 73,728 చుక్కలు. మాడ్యూల్ ఈ బొమ్మను దాచుకోదు. గట్లు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అని వెతికి, ఆ బిందువుల స్థానాలను, దిశలను లెక్కగట్టి 512 బైట్ల చిన్న ఫైలుగా మారుస్తుంది. దాన్ని టెంప్లేట్ అంటారు. అలాంటివి 1000 వరకు తన మెమరీలో పెట్టుకుంటుంది. కరెంటు తీసేసినా అవి చెరిగిపోవు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

పోల్చిచూసే పని కూడా మాడ్యూలే చేస్తుంది. ఆర్డుయినో వేలిముద్రను చూడను కూడా చూడదు. “ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతుంది. “3వ నంబర్ వేలు, ఇంత పోలిక ఉంది” అని మాడ్యూల్ చెబుతుంది. ఆ మాట నమ్మి ఆర్డుయినో తాళం తీస్తుంది.

తీగలు కలపడం

సెన్సార్‌కు 5 వోల్టులు, గ్రౌండ్ ఆర్డుయినో నుంచే ఇవ్వవచ్చు. సెన్సార్ మాట్లాడే తీగను ఊనో 2వ పిన్‌కు, వినే తీగను 3వ పిన్‌కు కలపాలి. తీగల రంగులను నమ్మవద్దు. ఒక్కో అమ్మకందారు దగ్గర ఒక్కో రంగు వస్తుంది. కనెక్టర్ పక్కన ఉన్న గుర్తులో, ప్యాకెట్‌తో వచ్చిన కాగితమో చూసే కలపాలి. ఎర్రతీగ ఎప్పుడూ ప్లస్సే అనుకుని ఒక సెన్సార్‌ను కాల్చినవాళ్లు మా ల్యాబ్‌లో ఉన్నారు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

ఆర్డుయినో 5 వోల్టుల భాష మాట్లాడుతుంది, సెన్సార్ వినేది 3.3 వోల్టుల భాష. అందుకని 3వ పిన్ నుంచి వచ్చే తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ఆ రెండూ కలిసేచోటు నుంచి సెన్సార్‌కు ఇవ్వాలి. 5ను మూడు భాగాలు చేసి రెండు భాగాలు తీసుకుంటే 3.33. ఓమ్ నియమం చదివిన పిల్లలే ఈ లెక్క చేయాలి, మీరు చెప్పవద్దు.

సోలినాయిడ్ తాళం విషయంలో మాత్రం మీరు తప్పక చూడాలి. దానికి కావలసిన కరెంటు ఆర్డుయినో పిన్ ఇవ్వగలిగిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పిన్‌కు గరిష్ఠ పరిమితి 40 మిల్లీఆంపియర్లే. అందుకే తాళానికి వేరే 12 వోల్టుల అడాప్టర్, మధ్యలో స్విచ్‌లా రిలే. తాళం కొసల మధ్య 1ఎన్4007 డయోడ్ ఒకటి పెట్టాలి, దాని మీద గీత ఉన్న వైపు ప్లస్‌కు రావాలి. తీగచుట్టలో పారే కరెంటును హఠాత్తుగా ఆపితే అది ఎదురుదెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు మాడతాయి, ఆర్డుయినో ఉన్నట్టుండి రీసెట్ అవుతుంది. ఇది పెట్టకపోవడం వల్ల “ప్రోగ్రాం తప్పు మేడమ్” అంటూ రెండు వారాలు ప్రోగ్రాంలో తప్పులు వెతికిన జట్టు ఉంది. తాళానికి ఒకసారి మూడు సెకన్లకు మించి కరెంటు ఇవ్వవద్దు, వేడెక్కుతుంది. నేరుగా 230 వోల్టుల ఇంటి లైనుతో పిల్లలు రిలేను వాడటానికి మాత్రం ఒప్పుకోకండి.

ఇంకొక సంగతి. బయట కనిపించాల్సింది సెన్సార్ గాజు మాత్రమే. ఆర్డుయినో, రిలే, బ్యాటరీ ఏదున్నా పెట్టె లోపలే ఉండాలి. రిలే బయట ఉంటే రెండు తీగలు కలిపి ముట్టించినా తాళం తెరుచుకుంటుంది, వేలితో పనే లేదు.

ఒక అమ్మాయి ఇంకా ముందుకెళ్లి అడిగింది: “మేడమ్, బయట ఉన్న సెన్సార్ పీకేసి, నా వేలు ఎక్కించిన ఇంకో సెన్సార్ తగిలిస్తే?” తెరుచుకుంటుంది! పోల్చేది సెన్సారే కదా, ఆర్డుయినో వినేది దాని మాటే. మాడ్యూల్‌కు ఒక పాస్‌వర్డ్ ఉంటుంది, కొన్నప్పుడు అది సున్నా. దాన్ని మారిస్తే బయటివాళ్లు మాడ్యూల్‌లోని సమాచారాన్ని తేలిగ్గా లాగకుండా కొంత అడ్డు. కానీ మాడ్యూల్‌నే మార్చేసేవాడిని అది ఆపలేదు. మందుల పెట్టెకు ఇంత భయం అక్కర్లేదు, నగలు పెట్టే బీరువాకు ఈ తాళం వద్దనడానికి ఈ కారణం ఒక్కటి చాలు.

వేళ్లు ఎక్కించడం

ప్రోగ్రాం ఇక్కడ అచ్చువేయడం లేదు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో అడాఫ్రూట్ వాళ్ల ఫింగర్‌ప్రింట్ సెన్సార్ లైబ్రరీని ఎక్కించుకుంటే, దాంతోపాటే ఉదాహరణ ప్రోగ్రాంలు వస్తాయి. ఒకటి వేలు నమోదు చేయడానికి, ఒకటి గుర్తుపట్టడానికి, ఒకటి తొలగించడానికి. ఈ సెన్సార్‌తో మాట్లాడే వేగం మామూలుగా 57600 అని పెట్టుకోవాలి. సెన్సార్ దొరకలేదని సందేశం వస్తే పదింట తొమ్మిదిసార్లు 2, 3 పిన్‌ల తీగలు తారుమారై ఉంటాయి.

నమోదు చేసేటప్పుడు వేలు పెట్టమంటుంది, తీయమంటుంది, మళ్లీ పెట్టమంటుంది. రెండు బొమ్మలు సరిపోలితేనే ఒక నంబర్ కింద దాచుకుంటుంది. ఒక్కొక్కరివి రెండు వేళ్లు, చేతికి ఒకటి చొప్పున ఎక్కించండి. కూర తరుగుతూ ఒక వేలు తెగితే రెండోది ఉంటుంది. ఏ నంబర్ ఎవరిదో ప్రోగ్రాంలో కాకుండా నోట్‌బుక్‌లో రాసుకోమనండి.

ఇప్పుడు నానమ్మ సంగతి. వయసు పెరిగేకొద్దీ చర్మం పొడిబారుతుంది, గట్లు అరుగుతాయి. ఏళ్ల తరబడి అంట్లు తోమిన చేతులు, పొలంలో పనిచేసిన చేతులు, సున్నం సిమెంటు కలిపిన చేతులు సెన్సార్‌కు సరిగ్గా కనిపించవు. రేషన్ షాపులో మిషన్ ముందు వేలు మార్చి మార్చి పెడుతున్న పెద్దవాళ్లను మీరంతా చూసే ఉంటారు. మా ఇంట్లో మా అత్తగారి బొటనవేలిని ఈ సెన్సార్ సగం సార్లు కూడా ఒప్పుకోలేదు. తడిగుడ్డతో వేలు తుడిచి, కొద్దిగా చెమ్మ ఉండగా పెడితే మెరుగైంది. బొటనవేలు బదులు ఉంగరపు వేలు ఎక్కిస్తే ఇంకా మెరుగైంది. మిగతా వాటితో పోలిస్తే పనుల్లో అది తక్కువ అరుగుతుంది. ఆషాఢంలో వేలి కొసలకు గోరింటాకు పెట్టుకున్న రోజుల్లో కూడా ఓసారి పరీక్షించి చూడండి.

చిన్నపిల్లల సమస్య వేరు. వాళ్ల గట్లు సన్నగా ఉంటాయి, ఒంటితో పాటు వేలూ పెరుగుతుంది. ఆధార్‌లో అయిదేళ్లలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోకపోవడం, తర్వాత 5 ఏళ్లకు ఒకసారి, 15 ఏళ్లకు ఒకసారి అప్‌డేట్ చేయమనడం మీకు తెలిసిందే. మీ ఇంటి తాళానికీ ఏడాదికోసారి ఆ పని తప్పదు.

అందుకని తాళం బిగించే ముందు ఇంట్లో అందరి చేతా ఇరవైసార్లు చొప్పున వేలు పెట్టించమని పిల్లలకు చెప్పండి. ఎన్నిసార్లు గుర్తుపట్టిందో పట్టిక రాయాలి. పొద్దున స్నానం చేశాక ఒకసారి, వంట మధ్యలో ఒకసారి, రాత్రి ఒకసారి. ఇది బోరు కొట్టే పని. ఇంజనీరింగ్ అంటే చాలావరకు ఇదే.

ఆ పట్టికలో ఒక్కరి వరుస బాగోలేకపోయినా రెండో దారి ఉండాలి. నాలుగంకెల కీప్యాడ్ గానీ, మామూలు తాళంచెవి గానీ. ఈ సోలినాయిడ్ తాళం కరెంటు లేనప్పుడు మూసుకునే ఉంటుంది, కాబట్టి కరెంటు పోయిన రాత్రి ఇంట్లో అందరూ ఆ నానమ్మ పరిస్థితిలోనే ఉంటారు. మా విద్యార్థి ఇప్పుడు తన పెట్టెకు వెనక చిన్న తాళంచెవి పెట్టాడు, అది పెద్దవాళ్లకు అందే ఎత్తులో మేకుకు వేలాడుతోంది. చెల్లెలికి అందదు. కీళ్ల స్క్రూలను కూడా లోపలి వైపుకు మార్చాడు.

ఎంత నమ్మవచ్చు?

ఈ తరహా మాడ్యూళ్ల కాగితాల మీద తయారీదారు రాసేది ఇది: పరాయి వేలిని మనదిగా పొరబడే అవకాశం 0.001 శాతం కంటే తక్కువ. అంటే లక్షకు ఒకటి. వినడానికి గొప్పగా ఉంది. సంభావ్యత పాఠం చదివిన పిల్లలను ఇక్కడ ఒక లెక్క అడగండి. ఈ లక్షకు ఒకటి అన్నది ఒక వేలిని ఒక టెంప్లేట్‌తో పోల్చినప్పుడు అనుకుందాం. పెట్టెలో 8 వేళ్లు ఉంటే పరాయి వేలు పెట్టిన ప్రతిసారీ 8 పోలికలు జరుగుతాయి, పొరపాటు అవకాశం లక్షకు సుమారు 8. అదే మాడ్యూల్‌తో 300 మంది హాజరు తీసుకుంటే? లక్షకు సుమారు 300. అంటే కొత్త వ్యక్తి ఎవరైనా వేలు పెడితే 333 సార్లకు ఒకసారి ఎవరో ఒకరి పేరున పడిపోవచ్చు. సెన్సార్ మారలేదు, వాడకం మారింది. ఇంటిపెట్టెకు సరిపోయినది బడి హాజరుకు ఎందుకు సరిపోదో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

మాడ్యూల్‌లో 1 నుంచి 5 వరకు భద్రతా స్థాయి మార్చుకోవచ్చు. పెంచితే పరాయివాళ్లు తక్కువగా దూరతారు, మనవాళ్లు ఎక్కువగా బయట ఉండిపోతారు. తగ్గిస్తే దానికి తలకిందులు. రెండూ ఒకేసారి బాగుపడే అంకె లేదు. మందుల పెట్టెకు ఏది మేలు అని మీ అబ్బాయిని, అమ్మాయిని అడిగి చూడండి. భోజనాల దగ్గర అరగంట చర్చ నడుస్తుంది, పూచీ నాది.

ఇదంతా నిజమైన వేళ్ల మాట. నకిలీ వేళ్ల సంగతి వేరు. 2002లో జపాన్‌లోని యోకొహామా నేషనల్ యూనివర్సిటీలో సుతోము మత్సుమోతో బృందం జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసి, 11 రకాల వేలిముద్ర యంత్రాల మీద పరీక్షించింది. జెలటిన్ అంటే జెల్లీ మిఠాయిల్లో వాడేదే. ఆ యంత్రాలు వాటిని చాలావరకు నిజం వేళ్లుగానే ఒప్పుకున్నాయి. ఇప్పటి మంచి యంత్రాల్లో ప్రాణమున్న వేలా కాదా అని చూసే ఏర్పాట్లు వచ్చాయి. మనం కొనే చవక మాడ్యూల్‌లో అలాంటివి ఆశించకూడదు.

దాచలేని రహస్యం

వేలిముద్రను గుర్తింపుగా వాడటం మన దేశంలోనే గట్టిపడింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ వేలిముద్రలను వర్గాలుగా విడగొట్టి వెతికే పద్ధతిని తయారుచేయడంలో ముఖ్యపాత్ర వహించారు. 1897లో అక్కడ వేలిముద్రల కార్యాలయం మొదలైంది. పద్ధతికి మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు స్థిరపడింది. మన ఊళ్లలో నిశానీ అనేది చదువురాని వాళ్ల సంతకం. తాతల కాలం నుంచి భూమి కాగితాల మీద వేలిముద్రలు పడుతూనే ఉన్నాయి.

ఆ కాగితాలే ఒకసారి మోసానికి దారి అయ్యాయి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో కనిపిస్తున్న వేలిముద్రలను తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ ముద్రలు తయారుచేసి, వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది ఆరోపణ. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు, స్టాంపులు చేసే దుకాణంలో ఉండే సామగ్రి చాలు.

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం. పైగా అది రహస్యం కూడా కాదు. గ్లాసు మీద, ఫోన్ తెర మీద రోజంతా వదిలేస్తూనే ఉంటాం. అందుకే నేను ల్యాబ్‌లో వేలిముద్రను పాస్‌వర్డ్‌తో కాదు, పేరుతో పోలుస్తాను. “నేను ఫలానా” అని చెప్పడానికి అది పనికొస్తుంది. విలువైనది కాపాడాలంటే దానికి తోడుగా మనసులో ఉంచుకునే పిన్ నంబర్ ఒకటి కావాలి. కొంచెం పెద్ద పిల్లలకు ఇదే మంచి రెండో మెట్టు: వేలు సరిపోయాక కీప్యాడ్ మీద నాలుగంకెలు కొడితేనే తెరుచుకునేలా ప్రోగ్రాం మార్చడం, అయిదుసార్లు తప్పితే రెండు నిమిషాలు ఆగేలా చేయడం.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి అడిగారు, ఈ బొమ్మ సెన్సార్ వల్ల మా పిల్లల ఆధార్‌కు ప్రమాదమా అని. ఈ మాడ్యూల్‌కు ఆధార్‌తో ఎలాంటి సంబంధం లేదు. ఆధార్ సేవలకు నమోదైన ప్రత్యేక యంత్రాలే వాడాలి. కానీ వేలు మాత్రం అదే వేలు. పెద్దవాళ్లకు నా సలహా ఒకటి: ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ మీ బయోమెట్రిక్స్‌ను లాక్ చేసుకునే సౌకర్యం ఉంది. లాక్ చేశాక ఎవరు ఆ వేలిముద్ర చూపించినా చెల్లదు. ఇంట్లో రేషన్‌కో పింఛన్‌కో వేలు వేసేవాళ్లుంటే ఆ రోజు లాక్ తీయడం మరిచిపోవద్దు.

సెన్సార్‌లో మిగిలిపోయినవి

చివర్లో చెబుతానన్న జాగ్రత్త ఇది. ఒకసారి సైన్స్ ఫెయిర్‌లో మా పిల్లలు ఈ తాళాన్ని పెట్టారు. వచ్చినవాళ్లందరూ సరదాగా వేలు ఎక్కించి తెరిచి చూశారు. ఫెయిర్ అయిపోయింది, స్టాల్ విప్పేశాం, సెన్సార్‌ను డబ్బాలో పెట్టి బీరువాలో పడేశాం. మూడు నెలల తర్వాత ఇంకో జట్టుకు ఇచ్చినప్పుడు ఒక పిల్లవాడు లోపల ఎన్ని ఉన్నాయో లెక్క అడిగే కమాండ్ నడిపాడు. డజన్ల కొద్దీ ముద్రలు! మనం ఎవరివో కూడా చెప్పలేని మనుషులవి. వాళ్లలో పక్క బడుల పిల్లలూ ఉన్నారు, అతిథులూ ఉన్నారు. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు, కానీ తప్పు తప్పే, అది ముందుగా నాది.

“అది బొమ్మ కాదు కదా మేడమ్, లెక్కలే కదా” అన్నాడొకడు. నిజమే, దాచేది టెంప్లేటే. కానీ 2007లోనే ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీ పరిశోధకులు టెంప్లేట్ నుంచి వేలిముద్ర బొమ్మను తిరిగి తయారుచేసి, దాంతో గుర్తింపు వ్యవస్థలను ఒప్పించవచ్చని చూపించారు. పైగా ఈ మాడ్యూల్‌ను కంప్యూటర్‌కు తగిలించి అప్పటికప్పుడు పెట్టిన వేలి బొమ్మను కూడా బయటికి తీయవచ్చు.

అప్పటి నుంచి మా ల్యాబ్‌లో పద్ధతి మారింది. జట్టు సభ్యుల వేళ్లు తప్ప వేరేవాళ్లవి ఎక్కించం. అది కూడా మీరు సంతకం చేసిన అనుమతి పత్రం వచ్చాకే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఇంట్లో సొంతానికి చేసుకునే ప్రాజెక్టుకు ఆ చట్టం వర్తించకపోయినా, అలవాటు ఇంట్లోనే మొదలవ్వాలి. స్టాల్‌లో చూపించాలంటే జట్టులోని పిల్లలే తమ వేలితో తెరిచి చూపిస్తారు. సెన్సార్ చేతులు మారే ముందు మొత్తం చెరిపేసే ప్రోగ్రాం నడిపి, లోపల సున్నా ఉందని చూసి, రిజిస్టర్‌లో రాసి సంతకం పెడతారు. స్నేహితులతో కలిసి సెన్సార్ కొన్నా, పాతది ఎవరికైనా అమ్మినా, అన్నయ్య వాడింది తమ్ముడికి ఇచ్చినా ఇదే పని చేయించండి. నిమిషం కూడా పట్టదు.

ఇంట్లో తాళం సిద్ధమైనవాళ్లు వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున దాన్ని ల్యాబ్‌కు తీసుకురండి. ఇరవైసార్ల పట్టిక కూడా తెండి, మార్కులు దానికే ఎక్కువ. వీలైతే నానమ్మలను, అమ్మమ్మలను, తాతయ్యలను వెంటబెట్టుకుని రండి. కిందటిసారి ఫోన్ చేసిన నాన్నగారు వాళ్లమ్మగారిని తీసుకొస్తానన్నారు. ఆవిడ ఉంగరపు వేలితో ఆ పెట్టె తెరుచుకుంటుందో లేదో అందరం కలిసి చూద్దాం.